ప్రమాదం: కర్తను పోగొట్టుకున్న పదం

ఉపోద్ఘాతం

తెలుగు దినపత్రికలలో తరచుగా కనబడే వార్తారచనా పద్ధతి ఒకటి ఉంది. మొదటి వాక్యంలో "ప్రమాదం జరిగింది" అని ఉంటుంది. రెండు మూడు వాక్యాల తరువాత "అధికారులు అప్రమత్తమయ్యారు" అని ఉంటుంది. ఈ రెండు పదాలూ ఒకే ధాతువు నుంచి, ఒకే ఉపసర్గతో పుట్టినవి. రెండవది మొదటిదానికి నిషేధరూపం. పుట్టుకను బట్టి చదివితే ఆ వార్త చెప్పేది, ఏమరుపాటు జరిగిందనీ, అటుపిమ్మట అధికారులు ఏమరుపాటు మానారనీ. కాని ఏ పాఠకుడూ దానిని అలా చదవడు. అతని దృష్టిలో మొదటి పదం ఒక సంఘటనకు పేరు, రెండవ పదం మనుషుల జాగరూకతకు పేరు. తోబుట్టువులైన రెండు పదాలు ఒకే వార్తలో పరస్పరం పరిచయం లేనట్లు నిలబడి ఉన్నాయి.

తెలుగు శాఖలలో దీనికి సిద్ధంగా ఉన్న సమాధానం "అర్థవిపరిణామం". సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, తెలుగులో ఆపద లేదా దుర్ఘటన; కారణాన్ని చెప్పే పదం కార్యానికి పేరైంది; అంతటితో విషయం ముగిసిందని ఆ సమాధానం సారాంశం. ఈ సమాధానం అసంపూర్ణం. అంతేకాదు, ఆ అసంపూర్ణత నిఘంటువులలోకి, అనువాదాలలోకి, న్యాయస్థానపు తెలుగులోకి పాకి నష్టం చేస్తున్నది. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇది: "ప్రమాదం" విషయంలో మారింది అర్థం ఒక్కటే కాదు, కారక సంబంధమే మారింది. ఒక మనిషి ఒక విధి నుంచి తొలగిపోవడాన్ని చెప్పిన పదం, మనిషీ విధీ రెండూ అక్కరలేని సంఘటనగా మిగిలింది. ఆ లోపాన్ని సహజ పరిణామమని సరిపెట్టుకోవడం భాషాశాస్త్ర దృష్ట్యా పొరపాటు, సామాజిక దృష్ట్యా అన్యాయం.

ధాతువు, ప్రత్యయం, కారకం

హర్షార్థకమైన "మద్" ధాతువు ఈ పదానికి మూలం. మదం, ఉన్మాదం, మదిర అనే పదాలు దీని కుటుంబంలోనివే. సంతోషం నుంచి మత్తుకు, మత్తు నుంచి ఒళ్లు తెలియకపోవడానికి, అక్కడి నుంచి చేయవలసినది మరచిపోవడానికి అర్థం నడిచింది. ఈ నడకను పాణినీయం రూపభేదంలోనే నమోదు చేసింది. అష్టాధ్యాయి మూడవ అధ్యాయం మూడవ పాదంలోని 68వ సూత్రం హర్షార్థంలో ప్రమద, సమ్మద శబ్దాలను నిపాతిస్తుంది. అంటే సంతోషం చెప్పవలసినప్పుడు హ్రస్వంతో "ప్రమదం", ఏమరుపాటు చెప్పవలసినప్పుడు వృద్ధితో "ప్రమాదం". ఒక్క దీర్ఘం ఆనందాన్నీ అపరాధాన్నీ వేరు చేస్తుంది. ప్రమదావనంలోని ప్రమదకూ ప్రమాదానికీ మధ్య ఉన్న దూరాన్ని వ్యాకరణమే కొలిచి పెట్టింది.

ఇంతకన్నా ముఖ్యమైనది కారక ప్రకరణంలో ఉంది. అపాదాన కారకాన్ని చెప్పే సూత్రం మీద కాత్యాయనుడు ఒక వార్తికం చేర్చాడు. ఏవగింపు, విరమణ, ప్రమాదం అనే అర్థాలు గల ధాతువుల విషయంలో కూడా దేని నుంచి తొలగుతారో అది అపాదానం కావాలని దాని తాత్పర్యం. ధర్మం నుంచి ప్రమాదపడడమనేది అక్కడి ప్రసిద్ధోదాహరణ. పతంజలి ఈ వార్తికం వేరుగా అక్కరలేదన్నాడు. అతడు చెప్పిన కారణం గమనింపదగినది. మనిషి బుద్ధితో ఆ వస్తువును చేరి, బుద్ధితోనే దాని నుంచి మరలుతాడు కనుక, అక్కడ కూడా విడిపోవడం ఉన్నదే, మూలసూత్రమే సరిపోతుంది. వార్తికాన్ని ఉంచినా తీసివేసినా, ఇద్దరు ఆచార్యులకూ సమ్మతమైన అంశం ఒకటుంది. ప్రమాదానికి రెండు స్థానాలు తప్పనిసరి. తొలగేవాడు ఒకడు ఉండాలి. అతడు దేని నుంచి తొలగాడో అదీ ఉండాలి. మొదటిది కర్త, రెండవది విధి. ఈ రెంటిలో ఏది లేకున్నా ప్రమాదం లేదు.

అమరసింహుడు నాట్యవర్గంలో ప్రమాదానికి పర్యాయంగా చెప్పినది "అనవధానత". అవధానాన్ని ఒక సాహిత్యవిద్యగా పెంచి పోషించిన తెలుగువారికి ఈ పర్యాయపదం మిగిలిన వారికన్నా దగ్గరగా తెలియాలి. ఎనమండుగురు పృచ్ఛకుల మధ్య కూర్చున్న అవధాని, ఎవరి ప్రశ్ననూ జారనీయకుండా నిలుపుకొనే మనఃస్థితికి పేరు అప్రమాదం. నిషిద్ధాక్షరిలో అక్షరం తప్పితే ఆ తప్పు అవధానిదే. దానిని "జరిగిన" సంఘటనగా ఏ సభా అంగీకరించదు.

విధి నుంచి జారడం

ప్రాచీన గ్రంథాలు ఈ పదాన్ని ఎక్కడ, ఎంత బరువుతో వాడాయో చూస్తే పై కారక నిర్మాణం కేవలం వైయాకరణుల కల్పన కాదని తెలుస్తుంది. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే అనుశాసనంలో ఈ ధాతువుతోనే నిషేధం వరుసగా వస్తుంది. సత్యం, ధర్మం, కుశలం, భూతి, స్వాధ్యాయ ప్రవచనాలు, దేవపితృకార్యాలు, వీటి విషయంలో ప్రమాదం కూడదని ఒక్కొక్కదానికి విడివిడిగా చెప్పబడింది. అనేక విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలలో ఈ అనుశాసనం నేటికీ పఠింపబడుతున్నది. అక్కడ కూర్చున్న పట్టభద్రులలో ఎవరైనా "సత్యం నుంచి ఆక్సిడెంట్ కాకూడదు" అని అర్థం చేసుకుంటే నవ్వు వస్తుంది. ఆ నవ్వే ఈ పదానికి జరిగిన నష్టానికి కొలత.

మహాభారత ఉద్యోగపర్వంలోని సనత్సుజాతీయంలో మృత్యువు వేరే ఎక్కడో లేదని, ప్రమాదమే మృత్యువని, అప్రమాదమే అమృతత్వమని ప్రతిపాదన ఉంది. బౌద్ధ వాఙ్మయంలో ఇదే భావం మరింత కేంద్రస్థానంలో నిలిచింది. ధమ్మపదంలోని 26 వర్గాలలో రెండవదాని పేరే "అప్పమాదవగ్గ". మహాపరినిబ్బాన సుత్తం ప్రకారం బుద్ధుని చివరి ఉపదేశంలో నిలిచిన మాట కూడా అప్పమాదమే. క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దిలో తక్షశిల నుంచి గ్రీకు రాజు పంపగా వచ్చిన రాయబారి హేలియోడోరస్, విదిశ సమీపాన బేస్‌నగర్‌లో వాసుదేవునికి గరుడస్తంభం నిలిపాడు. దానిమీది బ్రాహ్మీ శాసనం స్వర్గానికి చేర్చే మూడు అడుగులుగా దమం, త్యాగం, అప్రమాదాలను పేర్కొంటుంది. వైదికుడు, బౌద్ధుడు, గ్రీకు భాగవతుడు ముగ్గురూ ఒకే పదాన్ని నైతిక జీవితానికి ఆధారంగా ఎన్నుకున్నారు.

ఇక్కడ ఒక సూక్ష్మభేదం విస్మరింపరాదు. ప్రమాదం బద్ధకానికి మారుపేరు కాదు. పాతంజల యోగసూత్రాలలో చిత్తవిక్షేపాలను లెక్కించినప్పుడు స్త్యానం, ప్రమాదం, ఆలస్యం మూడూ వేర్వేరుగా లెక్కకు వచ్చాయి. వ్యాసభాష్యం ప్రమాదాన్ని సమాధి సాధనాలను అనుష్ఠింపక వదలివేయడంగా వివరించింది. భగవద్గీత పద్నాలుగవ అధ్యాయం తమోగుణ బంధాలలో ప్రమాదాన్ని, ఆలస్యాన్ని, నిద్రను విడివిడిగా చెప్పింది. బద్ధకస్తుడు ఏ పనీ చేయడు. ప్రమత్తుడు ఎన్నో పనులు చురుకుగా చేస్తూ, చేయవలసిన ఆ ఒక్క పనిని వదలివేస్తాడు. కర్మాగారాన్ని రేయింబవళ్లు నడిపించి, దాని హెచ్చరిక గంటను మాత్రం పట్టించుకోని యాజమాన్యానికి బద్ధకం అంటగట్టడం కుదరదు. దానికి తగిన పదం ప్రమాదమే.

తెలుగులో కారకాల తారుమారు

తెలుగులో ఈ భావానికి దేశ్యమైన క్రియ ఉంది. ఏమరు, ఏమరుపాటు, ఏమరిక అనేవి దాని రూపాలు. మోసపోవడమనే అర్థంలో తమిళంలో ఉన్న "ఏమాఱు" దీనికి సోదరపదం. తెలుగులో దీని ప్రేరణరూపం "ఏమార్చు". ఈ క్రియకు కర్త ఎప్పుడూ తప్పిపోలేదు. "ఏమరుపాటు జరిగింది" అని ఎవరూ అనరు. "ఏమరుపాటుగా ఉన్నాడు", "ఏమరుపాటున వదిలేశాడు" అంటారు. ఎవరు ఏమరారన్న ప్రశ్న వాక్యంలోనే సిద్ధంగా ఉంటుంది. ప్రేరణరూపం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఎవరు ఏమార్చారన్న ప్రశ్నకు కూడా చోటిస్తుంది.

"ప్రమాదం" విషయంలో ఆధునిక వాక్యనిర్మాణం దీనికి పూర్తిగా ఎదురు. "అతనికి ప్రమాదం జరిగింది" అన్న వాక్యంలో కర్తస్థానంలో ప్రమాదమే ఉంది. చతుర్థీ విభక్తిలో ఉన్నవాడు బాధితుడు. "కూడలిలో ప్రమాదం జరిగింది" అన్నప్పుడు అధికరణం స్థలాన్ని చెబుతుంది. పూర్వనిర్మాణంలో ఉన్న తొలగినవాడు, తొలగిన విధి, రెండు స్థానాలూ ఖాళీ అయ్యాయి. వాటి బదులు బాధితుడు, స్థలం వచ్చి కూర్చున్నారు. షష్ఠి ఈ తారుమారును మరింత స్పష్టంగా చూపుతుంది. సంస్కృతంలో "అతని ప్రమాదం" అంటే అతడు చేసిన ఏమరుపాటు. నేటి తెలుగులో "అతని ప్రమాదం గురించి విన్నారా" అంటే అతడు గాయపడిన సంఘటన. తప్పు చేసినవాడిని చూపిన విభక్తి దెబ్బతిన్నవాడిని చూపుతున్నది.

ఈ కారణంగానే అర్థవిపరిణామపు సంప్రదాయ విభాగాలు ఇక్కడ చాలవు. నువ్వుల నుంచి తీసినదానికే చెల్లిన "నూనె" అన్ని తైలాలకూ చెల్లడం వ్యాకోచం. వస్త్రసామాన్యాన్ని చెప్పిన "చీర" స్త్రీల కట్టుబట్టకే పరిమితం కావడం సంకోచం. వాసనను చెప్పిన "కంపు" దుర్వాసన కావడం అపకర్ష. వీటన్నిటిలోనూ పదం సూచించే వస్తువు పరిధి లేదా విలువ మారింది, వాక్యంలో దాని సంబంధాలు మారలేదు. కార్యకారణ సంబంధంతో లక్ష్యార్థం పుట్టిందనడం ప్రమాదానికి కొంతవరకు వర్తిస్తుంది. కాని లక్షణ అర్థాంతరం ఎలా పుట్టిందో చెప్పగలదే కాని, కర్త ఎందుకు లుప్తమయ్యాడో, ఆ ఖాళీలోకి బాధితుడు ఎలా వచ్చాడో చెప్పలేదు. దీనిని "కర్తృలోపం" అనే వేరు కక్ష్యలో చేర్చి బోధించడం న్యాయం.

ఈ మార్పుకు వంతెనగా నిలిచినది "ప్రమాదవశాత్తు" అనే పదం. ఏమరుపాటుకు లోబడి అని దీని మూలార్థం. నేడు "అనుకోకుండా" అని దీని వాడుక. వార్తలలో పదేపదే వచ్చే బోరుబావి విషాదాలను దీనికి నిదర్శనంగా తీసుకోవచ్చు. "ప్రమాదవశాత్తు బోరుబావిలో పడిన బాలుడు" అని రాసినప్పుడు, నేటి అర్థంలో ఎవరి తప్పూ లేదు. మూలార్థంలో చదివితే మరీ ఘోరం, ఏమరిన కర్త ఆ పసివాడే అవుతాడు. నిజానికి ఆ వాక్యంలో లేనివాడే ప్రమత్తుడు. పాడుబడిన బోరుబావులను పూడ్చివేయాలని, తవ్వేటప్పుడు కంచె కట్టాలని, గొట్టం నోటికి మూత బిగించాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. విధి ఉంది, దానిని నెరవేర్చవలసినవారు ఉన్నారు. అపాదానమూ కర్తా రెండూ చట్టంలో స్పష్టంగా ఉన్నాయి. తెలుగు వాక్యంలో మాత్రం లేవు.

ఇరుగుపొరుగు భాషలు ఈ పదాన్ని ఇలా వాడడం లేదు. హిందీలో "ప్రమాద్" నేటికీ అజాగ్రత్త, అలసత్వం. మరాఠీలో అది తప్పు. కన్నడంలో ప్రధానంగా పొరపాటు. బంగ్లాలో పొరపాటుతో పాటు ఆపద కూడా. తమిళ వ్యవహారంలో అది మెప్పుకోలు మాటగా మారడం ఒక విచిత్రం. కాని వాహనం బోల్తా పడిన సంఘటనకు హిందీ "దుర్ఘటన" అంటుంది, మరాఠీ, కన్నడాలు "అపఘాత" మంటాయి, తమిళం "విపత్తు" అంటుంది, మలయాళం "అపకటం" అంటుంది. వీటి నడుమ, ఏమరుపాటును చెప్పే పదాన్నే ఆ సంఘటనకు ప్రధాన నామంగా స్థిరపరచుకున్నది తెలుగు. దోషాన్ని చెప్పే పదాన్ని దోషం లేని సంఘటనకు పేరుగా ఇవ్వడమనే వైపరీత్యం, ఈ పోలికలో చూస్తే, తెలుగు పత్రికా, పరిపాలనా భాషల ప్రత్యేకత.

ఆక్సిడెంటుకు అనువాదంగా ప్రమాదం

ఇంగ్లీషులోని "ఆక్సిడెంట్" లాటిన్ క్రియ నుంచి వచ్చింది. వచ్చి మీద పడడం, సంభవించడం దాని మూలార్థం. అందులో కర్త మొదటినుంచీ లేడు. యాదృచ్ఛికతే దాని సారం. ప్రమాదమనే పదపు సారం బాధ్యతను విస్మరించడం. ఈ రెండింటినీ సమానార్థకాలుగా జతచేసినప్పుడు, ఇంగ్లీషు పదంలోని నిష్కర్తృకత తెలుగు పదంలోకి వచ్చి చేరింది.

దీని పర్యవసానం న్యాయభాషలో తీవ్రంగా కనబడుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 80వ సెక్షను "ఆక్సిడెంట్"ను నేరం నుంచి మినహాయింపుగా చెప్పింది. న్యాయసమ్మతమైన పనిని న్యాయసమ్మతమైన పద్ధతిలో, తగిన శ్రద్ధతో, జాగ్రత్తతో చేస్తుండగా, నేరోద్దేశం లేకుండా జరిగినది నేరం కాదని దాని సారాంశం. అదే స్మృతిలోని 304ఎ సెక్షను దుడుకుతనంతో గాని నిర్లక్ష్యంతో గాని చేసిన పనివల్ల మరణం సంభవిస్తే దానిని నేరంగా పరిగణించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవి వరుసగా 18, 106 సెక్షన్లుగా కొనసాగుతున్నాయి. చట్టం దృష్టిలో ఈ రెండూ ఎదురెదురు ఒడ్డులు. ఒకటి విడుదలకు దారి, మరొకటి శిక్షకు దారి. రెంటినీ వేరుచేసే గీటురాయి తగిన శ్రద్ధ. దానికి ప్రాచీనమైన పేరు అప్రమాదం.

ఇప్పుడు 80వ సెక్షనులోని "ఆక్సిడెంట్"ను తెలుగులో "ప్రమాదం" అని రాస్తే ఏమవుతుంది? "అప్రమాదంతో చేసిన పనిలో జరిగిన ప్రమాదం" నేరం కాదని చెప్పినట్లవుతుంది. ఇది వదతోవ్యాఘాతం. ఇటువైపు నిర్లక్ష్యం వల్ల కలిగిన మరణాన్ని చెప్పే కేసులను కూడా వ్యవహారంలో "ప్రమాద కేసులు" అనే అంటున్నారు. మినహాయింపుకూ నేరానికీ ఒకే పదం చెల్లుతున్నదన్నమాట. ఫిర్యాదు రాసే గ్రామీణుడు "ప్రమాదం జరిగి మా అన్న చనిపోయాడు" అని రాసినప్పుడు, తన అన్న మరణానికి ఎవరో బాధ్యులన్న ఆరోపణ ఆ వాక్యంలో ఉన్నదా లేదా? పదం పుట్టుకను బట్టి ఉంది. నేటి రూఢిని బట్టి లేదు. ఈ సందిగ్ధత పండితుల వినోదానికి పనికివచ్చే శ్లేష కాదు. నష్టపోయినవాని నోటి నుంచి ఆరోపణను తీసివేసే శ్లేష.

2020 మే 7న విశాఖపట్నం సమీపాన ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక కర్మాగారపు నిల్వ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే సంవత్సరం జులైలో ఇచ్చిన నివేదికలో ట్యాంకు ఉష్ణోగ్రత నియంత్రణ, భద్రతా ఏర్పాట్లు, హెచ్చరిక సైరన్లు, వీటన్నిటిలోనూ లోపాలను ఎత్తిచూపింది. మూలార్థంలో ఇది అక్షరాలా ప్రమాదం. కాని సమకాలీన వాడుకలో "గ్యాస్ ప్రమాదం" అన్న సమాసాన్ని వినగానే స్ఫురించేది, గ్యాస్ వచ్చిందనీ జనం పోయారనీ మాత్రమే. చల్లబరచవలసిన బాధ్యతా, మోగించవలసిన బాధ్యతా ఆ సమాసంలో వినబడవు.

పూర్వపక్షాలు, సమాధానాలు

మొదటి ఆక్షేపం: వ్యుత్పత్తి అర్థానికి ప్రమాణం కాదు. కుశలుడంటే దర్భలు కోసేవాడని ఎవరూ అనుకోరు. రూఢి యోగాన్ని తొలగిస్తుందని శాస్త్రమే చెబుతుంది. ఈ ఆక్షేపంలోని సూత్రం సత్యమే, దాని అన్వయం సరికాదు. కుశల శబ్దంలో దర్భ నేటి ఏ తెలుగు పదంలోనూ సజీవంగా లేదు. ప్రమాదంలోని ఏమరుపాటు మాత్రం "అప్రమత్తం" రూపంలో ప్రతిదినమూ సజీవంగా ఉంది. అప్రమత్తమయ్యేది మనుషులు, వారితో కూడిన యంత్రాంగం మాత్రమే. చెట్టు అప్రమత్తం కాదు, వంతెన అప్రమత్తం కాదు. నిషేధరూపం కర్తను నిలుపుకొన్నప్పుడు మూలరూపం దానిని పోగొట్టుకోవడం రూఢి అనిపించుకోదు, ఒక వైపే జరిగిన క్షయం అనిపించుకుంటుంది.

రెండవ ఆక్షేపం: జనవ్యవహారమే ప్రమాణం, పండితులు దానిని దిద్దరాదు. ఇది ఒప్పదగినదే. అయితే జనవ్యవహారాన్ని పరిశీలిస్తే అది ఈ వ్యాసం పక్షానే సాక్ష్యం చెబుతుంది. తెలుగువారు రోడ్డు ప్రమాదం, రైలు ప్రమాదం, పడవ ప్రమాదం, అగ్ని ప్రమాదం, విద్యుత్ ప్రమాదం అంటారు. భూకంపం వచ్చింది అంటారే కాని "భూకంప ప్రమాదం జరిగింది" అనరు. పిడుగు పడి మరణిస్తే పిడుగుపాటు, పాము కరిస్తే పాముకాటు, తుఫాను వస్తే విపత్తు లేదా ఉపద్రవం. మనిషి జాగ్రత్త పనిచేయవలసిన చోటే, అంటే వాహనం, నిప్పు, తీగ, యంత్రం ఉన్నచోటే, సంఘటనార్థంలో ప్రమాదం వాడబడుతున్నది. భద్రాచలం వద్ద గోదావరి 43, 48, 53 అడుగులకు చేరినప్పుడు ప్రకటించే ప్రమాద హెచ్చరికలలోని అర్థం వేరు. అది రాబోయే అపాయాన్ని చెబుతుంది, జరిగిన సంఘటనను చెప్పదు. కాబట్టి వ్యవహర్త పూర్తిగా మరచిపోలేదు. కర్తను వాక్యం నుంచి తీసివేసినా, కర్త ఉండదగిన చోటును గుర్తు పెట్టుకున్నాడు. మరచినది నిఘంటుకారుడు, అనువాదకుడు, పాఠ్యరచయిత.

మూడవ ఆక్షేపం అన్నిటికన్నా బలమైనది: ప్రతి దుర్ఘటనకూ దోషి ఉండడు, ప్రమాదాన్ని ఏమరుపాటుగా చదివితే అందుబాటులో ఉన్న డ్రైవరు మీదో, లైన్‌మన్ మీదో నింద పడుతుంది. ఈ భయం న్యాయమైనది. దీనికి సమాధానం కూడా ఆ పదపు కారక నిర్మాణంలోనే ఉంది. ప్రమాదమని నిర్ణయించడానికి ముందు విధి ఏదో చెప్పాలి, అది ఎవరి విధియో చెప్పాలి. దగ్గరగా నిలబడినవాడే ప్రమత్తుడని ఆ నిర్మాణం ఎక్కడా చెప్పదు. మలుపును తప్పుగా వేసినవారు, బ్రేకులు పరీక్షింపకుండా ధ్రువపత్రం ఇచ్చినవారు, నిద్రలేకుండా బండి నడిపించిన యజమాని, అందరి విధులనూ విడివిడిగా అడగవలసి వస్తుంది. కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్లపై మరణించారు. అన్ని మరణాలనూ డ్రైవర్ల చేతివాటానికో, విధి వక్రించడానికో వదలివేయడం సాధ్యం కాదు. "విధి వక్రించింది" అన్న వార్తాశైలిలో విధి అంటే దైవం. ప్రమాద శబ్దం కోరే విధి కర్తవ్యం. ఒకే పదానికి ఉన్న ఈ రెండర్థాలలో పత్రికాభాష ఎప్పుడూ మొదటిదాన్నే ఎన్నుకోవడం ఆలోచింపదగినది. విధి ఏదో తేలనంతవరకు, విచారణ పూర్తికానంతవరకు, ఘటన, దుర్ఘటన అనే తటస్థ పదాలు అందుబాటులో ఉన్నాయి.

ఇంగ్లీషులోనే ఈ జాగ్రత్త మొదలయింది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లో, నివారింపదగిన గాయాల సందర్భంలో "ఆక్సిడెంట్" అనే పదాన్ని తన పుటలలో వాడబోమని ప్రకటించింది. అనూహ్యమన్న స్ఫురణ ఆ పదంలో ఉన్నదన్నది వారి అభ్యంతరం. ఇంగ్లీషువారు తమకు లేని పదం కోసం వెతుక్కుంటుండగా, తెలుగువారు చేతిలో ఉన్న సరైన పదానికి ఇంగ్లీషువారు వద్దన్న అర్థాన్ని అంటగట్టి వాడుకుంటున్నారు.

నిఘంటువులు చేయవలసినది

"ప్రమాదం" వాడరాదని శాసించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రోడ్డు ప్రమాదం అన్న మాట ప్రజల నోటి నుంచి తొలగదు, తొలగనక్కరలేదు. జరగవలసినవి మూడు పనులు, మూడూ తెలుగు శాఖల పరిధిలోనివి.

మొదటిది నిఘంటు రచనకు సంబంధించినది. ఏమరుపాటు, ఆపద, దుర్ఘటన అని పర్యాయాలను కామాలతో వరుసగా పేర్చే పద్ధతి చాలదు. ఏ అర్థం ఏ వాక్యనిర్మాణంలో వస్తుందో, ఏ విభక్తిని కోరుతుందో ఆరోపంలోనే చూపాలి. "ఎవరు, దేని నుంచి" అన్నది మొదటి అర్థానికి, "ఎవరికి, ఎక్కడ" అన్నది తరువాతి అర్థానికి గుర్తుగా ఇవ్వాలి. "అప్రమత్తం" ఆరోపం నుంచి "ప్రమాదం"కు, అక్కడి నుంచి "ఏమరుపాటు"కు పరస్పర సూచన ఉండాలి.

రెండవది అనువాదానికి సంబంధించినది. చట్టాలను, తీర్పులను, ప్రభుత్వోత్తరువులను తెలుగు చేసేటప్పుడు మినహాయింపుగా వచ్చే "ఆక్సిడెంట్"ను "యాదృచ్ఛిక ఘటన" అనో "దుర్ఘటన" అనో చెప్పి, "ప్రమాదం"ను నిర్లక్ష్యార్థానికి దగ్గరగా కాపాడాలి. న్యాయస్థానాలలో తెలుగు వినియోగం పెరగాలని కోరేవారు ముందుగా ఈ విడదీతను స్థిరపరచాలి. రెండు ఎదురెదురు సెక్షన్లకు ఒకే పదం ఉన్న భాషలో తీర్పు రాయడం కష్టం.

మూడవది బోధనకు సంబంధించినది. భాషాశాస్త్ర పాఠ్యప్రణాళికలలో చీర, నూనె, కంపు అనే ఉదాహరణలు తరతరాలుగా తిరుగుతున్నాయి. అవి సరైనవే కాని, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు, లాభం లేదు. అర్థపరిణామం ఒక సమాజంలో బాధ్యతను ఎలా దాచగలదో చూపే ఉదాహరణ విద్యార్థికి అవసరం. ప్రభవాది సంవత్సరాలలో 47వదానిని తెలుగు పంచాంగాలు "ప్రమాదీచ" అంటాయి. శ్లోకంలోని "ప్రమాదీ" తరువాత వచ్చిన సముచ్చయార్థక "చ"కారం పేరులో కలిసిపోయి మిగిలింది. ఏమరినవాడని అర్థమిచ్చే పేరునే ఏమరి రాసుకొని, ఎవరూ దిద్దకుండా తరతరాలు చదువుతూ వచ్చారు. ఆ చకారం వల్ల ఎవరికీ ప్రాణహాని లేదు కనుక దానిని అలాగే ఉండనీయవచ్చు.

ప్రమాద శబ్దంలో కర్త లుప్తమైనందుకు మాత్రం మూల్యం చెల్లిస్తున్నవారు ఉన్నారు. తెరచి ఉంచిన బోరుబావి పక్కన, మోగని సైరను కింద నివసించేవారు వారు. తెలుగులో నిఘంటువులు కూర్చేవారు, వార్తలు రాసేవారు, చట్టాలు అనువదించేవారు అధికసంఖ్యాకులు తెలుగు శాఖల తరగతి గదుల నుంచే వెళుతున్నారు. స్వాధ్యాయ ప్రవచనాల నుంచి తొలగరాదన్న అనుశాసనం అధ్యాపకునికి కూడా చెల్లుతుంది. ఒక పదం తన కర్తను పోగొట్టుకుంటున్నదని తెలిసి, దానిని అర్థవిపరిణామమని పేరుపెట్టి ఊరకుండడం ఆ పదపు మొదటి అర్థం కిందికే వస్తుంది.